అద్దానికి చేరని గాలి

పాత పికప్పు బండిలో గాలి కాళ్ళ మీదికే ఎందుకు కొడుతుందో తెలుసుకోవడానికి నేను రెండు జిల్లాలు తిరగాల్సి వచ్చింది. ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళకి ఇదేం యాత్రరా అనిపించవచ్చు. కాశీ కాదు, రామేశ్వరం కాదు. పెనుగొండకి దిగువనున్న మా ఊరి నుంచి ఉప్పాడ సముద్రం దాకా పోయి, రొయ్య పిల్లని తెచ్చుకోవడం. అంతే. కానీ కాశీకి వెళ్ళొచ్చినవాడు కూడా దారిలో నేను పిలిచినన్నిసార్లు దేవుణ్ణి పిలిచి ఉండడు.

బండి నా మేనల్లుడు వీర్రాజుది. ఏదో ప్రాజెక్టువాళ్ళు వాడి వాడి వేలంలో వదిలించుకుంటే కొన్నాడు. ముందు ముగ్గురు కూర్చోవచ్చు, వెనక సరుకేసుకునే తొట్టి. ఏసీ బండి అని కొన్నకొత్తలో ఊరంతా చెప్పుకున్నాడు. ఏసీ చచ్చి ఎన్నేళ్ళయిందో గాని, దాని గాలిపెట్టె మాత్రం డ్యాష్‌బోర్డు వెనక బతికే ఉంది. దానికో మీట. మీట పైన మూడు బొమ్మలు. మనిషి ముఖానికి బాణం, కాళ్ళకి బాణం, ముందద్దానికి బాణం. మీట ఏ బొమ్మకి జరిపితే గాలి అటు రావాలి. ఈ బండిలో ఎటు జరిపినా కాళ్ళకే వచ్చేది. అదీ వేడిగాలి. ఇంజన్లోంచి వచ్చే వేడినీళ్ళని ఆపే కుళాయి తెరుచుకుని బిగిసిపోయిందట.

కిందటి పంటలో వీర్రాజు రొయ్యల చెరువుని తెల్లమచ్చ రోగం ఊడ్చిపెట్టేసింది. ఈసారి పిల్ల నిలబడకపోతే కౌలు చెరువు వదులుకుని, ఈ బండీ అమ్ముకుని, ఊరొదిలి ఎవరి లారీయో తోలుకోవాలి. అందుకే మనుషుల మీద వదలకుండా తనే వెళ్ళి తెచ్చుకుంటానన్నాడు. చెరువు పనిలో సగం చేసేది వాడి భార్య సత్యవతి, అంచేత ఆ అమ్మాయీ బయల్దేరింది. వాళ్ళిద్దరూ దారిలో పోట్లాడుకోకుండా నేను.

నేను కాలువల మీద లస్కరుగా పనిచేసి దిగినవాణ్ణి. లాకుల తలుపులెత్తడం, దించడం, వంతుల ప్రకారం పొలాలకి నీళ్ళొదలడం, అడ్డం పడ్డ చెత్త తియ్యడం. బడికి వెళ్ళింది లేదు. కిరాణా కొట్టు పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదువుకుంటూ అక్షరాలు నేర్చాను. ఈ రాతలో తప్పులుంటే ఆ పొట్లాలవే.

సిద్ధాంతం

రోహిణి కార్తె ఆఖరు. కిటికీ అద్దాలు దించితే వడగాలి ముఖాన కొడుతోంది, ఎత్తితే ఉడికిపోతున్నాం. కాళ్ళ దగ్గర పొయ్యి సంగతి సరేసరి. ఫ్యాను ఆపేసినా బండి పరుగుకి గాలి దానంతటదే దూరి వస్తోంది.

"చెప్పులు తీసి కాళ్ళు పైకి పెట్టుకో మావయ్యా. నాకైతే అలవాటైపోయింది" అన్నాడు వీర్రాజు.

"కాళ్ళు పైకి పెట్టుక్కూర్చోడానికి ఇదేమన్నా మీ అత్తారింటి మంచమా?"

"మా ఇంటి మంచం మీద ఇంత వేడి లేదులెండి పెదనాన్నగారూ" అంది సత్యవతి.

సిద్ధాంతం ఊరి దగ్గర వశిష్ఠ గోదావరి అడుగంటి ఉంది. ఇసుక మేటల మధ్య నీళ్ళు పాయలుగా మిగిలాయి. గోదావరి వంతెన ఎక్కితే చాలు, మా వైపు మనుషుల చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. బస్సయినా రైలయినా, నీళ్ళలో చిల్లర వెయ్యకుండా దాటరు. దూరపువాళ్ళు చూసి నవ్వుతారు, నవ్వనీండి. వంతెన లేని రోజుల్లో పంటు మీద దాటేవాళ్ళం. అప్పుడు గోదారమ్మకీ ఇవ్వాలి, పంటువాడికీ ఇవ్వాలి. గోదారమ్మ ఎంతిచ్చినా పుచ్చుకునేది. పంటువాడు తక్కువిస్తే పుచ్చుకునేవాడు కాదు.

సత్యవతి బయల్దేరేటప్పుడే ఒక రూపాయి బిళ్ళ తీసి ముందద్దం వారగా పెట్టుకుంది. తీరా వంతెన మీద వెతుక్కుంటే లేదు.

"ఇక్కడే పెట్టానండి. ఈ బండిలో పెట్టింది పెట్టినచోట ఉండదు ఎప్పుడూ."

"కాళ్ళ కింద చూడు."

"చూశాను. వేడికి కరిగిపోయిందేమో."

కొంగు ముడి విప్పి ఇంకోటి తీసి విసిరింది. అది వెళ్ళి ఇసుకలో పడింది.

"నీళ్ళొచ్చినప్పుడు తీసుకుంటుందిలే" అన్నాడు వీర్రాజు.

రాజమండ్రి

ఏసీ బాగుచేసే షాపు ఒకటి మెయిన్ రోడ్డు సందులో ఉందంటే అక్కడ ఆపాం. షాపాయన కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. ఏసీలు బాగుచేసేవాడి చేతిలో తాటాకు విసనకర్ర చూసినప్పుడే నేను వెనక్కి తిరగాల్సింది.

"మీట ఎటు పెట్టినా గాలి కాళ్ళకే వస్తుందండి" అన్నాడు వీర్రాజు.

"బాక్సు పోయిందండి" అన్నాడాయన.

"పోవడమంటే?"

"మొత్తం మార్చాలండి. మద్రాసు నుంచి తెప్పించాలి. ఓ వారం ఆగుతారా?"

నాకు ఒళ్ళు మండింది. "అయ్యా, తమరు కుర్చీలోంచి లేవలేదు. బండి తలుపు తియ్యలేదు. పోయిందని ఎలా తెలిసిందండి?"

"ఈ మోడలుకి అదే కంప్లయింటండి."

"గాలి వస్తోంది కదండి. వచ్చేది ఒక్క కాలువలోకే పోతోందంటే, మిగతా కాలువల తలుపు ఎక్కడో పట్టేసిందని అర్థం. చేలోకి నీళ్ళు రావట్లేదని రైతొచ్చి మొత్తుకుంటే, ఆనకట్ట మార్చాలండీ అని చెబుతామా?"

ఆయన విసనకర్ర ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "తమరేం చేస్తుంటారండి?"

"లస్కరు చేసి దిగాను."

"అయితే తమరే బాగుచేసుకోండి మరి."

వీర్రాజు నా భుజం పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆ కోపంలో పక్కనున్న హోటల్లో పెసరట్టు తిన్నాను. మా పెనుగొండలో ఉప్మాతో కలిపి వేసేదానికి ఇక్కడ ఉప్మా లేకుండానే ఎక్కువ పుచ్చుకున్నారు. అల్లప్పచ్చడి మాత్రం బాగుంది. బాగున్నదాన్ని బాగుందనడానికి నాకేం అభ్యంతరం లేదు.

"కేబుల్ సాగిపోయిందిరా. మీటకీ తలుపుకీ మధ్య ఓ తీగ ఉంటుంది. అది బిగిస్తే సరి" అన్నాను బండెక్కాక.

"చూసి చెబుతున్నావా, కుర్చీలోంచి లేవకుండా చెబుతున్నావా?" అన్నాడు వాడు.

వాడడిగింది సబబే. నేనూ చూడలేదు.

ఉప్పాడ

సముద్రం పక్కన వీర్రాజు ఎరిగిన నూకాలమ్మ అనే ఆవిడ ఇంట్లో దిగాం. ఎండుచేపల వ్యాపారం ఆవిడది. మా వైపు పంట బేరమంటే మగవాళ్ళు తువ్వాలు దులుపుకుంటూ చెయ్యాల్సిందే. ఇక్కడ పడవ ఒడ్డుకి రాగానే మగవాళ్ళు వలలు విదిలించుకుంటూ పక్కకి పోతారు. గంపల చుట్టూ చేరి ధర తేల్చేది ఆడవాళ్ళు. వాళ్ళ బేరం ముందు మా మండపేట ధాన్యం దళారులు చాలరు.

చింతకాయ వేసిన చేపల పులుసు, ముతక బియ్యం అన్నం. వడ్డిస్తూ అడిగింది, "రొయ్యలు తింటారా అన్నగారూ?"

"చూడ్డమే గాని తినడం తక్కువమ్మా. పెంచేది మేము, తినేది ఎవరో."

"మాదీ అంతేనండి. మంచి చేప బేరానికి, ముళ్ళ చేప మా కుండకి."

మృగశిర వస్తోంది కదా, మా ఇళ్ళల్లో ఆ రోజు ఇంగువ బెల్లంలో పెట్టి మింగిస్తారని చెప్పాను. ఆవిడ నవ్వింది. "మాకా రోజు చేపుంటే చాలండి. ఇంగువ ఎక్కడ తెస్తాం?" తర్వాత గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "నా పెళ్ళినాటికి సముద్రం అదిగో, ఆ పడవలకవతల ఉండేదండి. ఇప్పుడు గుమ్మంలోకొచ్చి పలకరిస్తోంది."

ఆవిడకి ఇల్లు ఎప్పుడు పోతుందో తెలియదు. మాకు చెరువు ఉంటుందో లేదో తెలియదు. వీర్రాజు అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కోడానికి లేచాడు.

"రేపు వాన పడుద్ది బాబూ. మావాళ్ళు పడవలు దించట్లేదు" అంది నూకాలమ్మ, వాడి చేతికి చెంబు అందిస్తూ.

హేచరీ గేటు

రొయ్య గుడ్లు పొదిగించే హేచరీ నుంచి పిల్లని తెల్లారకముందే ఎక్కించుకుని చల్లపూటే ఇల్లు చేరాలి. అది పద్ధతి. కానీ ఆ ఉదయం రావాల్సిన ఆక్సిజన్ సిలిండరు రాలేదు. వచ్చేసరికి ఆకాశం నల్లబడి చినుకులు మొదలయ్యాయి. ఎండ లేదు కాబట్టి పగలైనా ఫర్వాలేదన్నారు.

పిల్ల అంటే చూడ్డానికేమీ ఉండదు. కనురెప్ప వెంట్రుకంత. పాలిథిన్ సంచిలో నీళ్ళు పోసి, పిల్లని వదిలి, ఆక్సిజన్ ఊది, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. ఆ సంచుల్ని మంచు ముక్కలతో థర్మోకోల్ పెట్టెల్లో సర్దుతారు. తొట్టిలో పెట్టెలు పేర్చి టార్పాలిన్ కట్టాం. టార్పాలిన్ ఓ మూల చిరిగింది. అక్కడ పెట్టాల్సిన రెండు పెట్టెలు ముందుకి తెచ్చి సత్యవతి కాళ్ళ దగ్గర పెట్టాం.

"ఎక్కడా ఆగకండి" అన్నాడు హేచరీ మేనేజరు. "ఈ ఊపిరి పొద్దువాలేదాకే. ఎండ తగిలినా వేడి తగిలినా పోతాయి. తర్వాత మా సీడు మంచిది కాదని నన్నంటారు."

పెట్టెలెక్కడ పెట్టామో, దాని ఎదురుగా ఏముందో ఆ నిమిషాన మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మండపేట

రామచంద్రపురం దాటాక వాన ముదిరింది. కిటికీలు ఎత్తేశాం. తడిసిన ముగ్గురు మనుషులు, మూసిన గది. మండపేటలో రైసు మిల్లుల గొట్టాలు కనపడేసరికే ముందద్దం లోపలివైపు మసక పట్టింది. సత్యవతి కొంగుతో తుడిచింది. తుడిచిన చోట ఓ ఊపిరి తీసేలోపు మళ్ళీ తెల్లబడింది.

మిల్లు ముందు టీ బడ్డీ దగ్గర ఓ నిమిషం ఆపాం. టీ నాకొద్దు, గ్లాసు రూపాయిన్నర అంటున్నాడు, అందులో పాలు చూపించమంటే చూపించలేడు. మేం అద్దంతో పడే అవస్థ చూసి ఓ లారీ డ్రైవరు దగ్గరికొచ్చాడు.

"పైన పొగాకు రుద్దండి బాబాయిగారూ. నీళ్ళు నిలవవు."

తన బీడీలు రెండు చిదిపి ఆ పొగాకు తనే తడి అద్దం మీద రుద్దిపెట్టాడు. అది నిజమే, నేనెరుగుదును. వైపర్లు లేని బస్సులు తోలినవాళ్ళు అలాగే బతికారు. చుక్కలు నిలవకుండా జారిపోయాయి. కానీ మా జబ్బు లోపల.

"లోపల ఆవిరికి గాలి కొట్టించాలండి" అన్నాడు అతను. "అద్దం కిందనుంచి గాలొస్తుంది చూడండి, అది పెట్టండి."

"అదే రావట్లేదు" అన్నాడు వీర్రాజు.

"అయితే వాన తగ్గేదాకా మిల్లు పాకలో కూర్చోండి. ముందు కాలువ గట్టు. నీళ్ళు కూడా వదిలేశారు."

వీర్రాజు ఆకాశం చూశాడు, వెనక టార్పాలిన్ చూశాడు. బండెక్కి తలుపేసుకున్నాడు.

కాలువ గట్టు

ఎడమ పక్క కాలువ, కుడి పక్క పల్లంలో చేలు. రోడ్డుకి అంచు రాళ్ళు లేవు. ఎందుకు లేవని, ఈ కాలువ మీద పనిచేసిన రోజుల్లో నేను పై వాళ్ళని అడిగాను. లెక్కల్లో ఉన్నాయన్నారు.

వేసవంతా కట్టేసిన కాలువకి కొత్త నీళ్ళొస్తే ఎర్రగా, చెత్తా నురగా మోసుకుంటూ వస్తాయి. ఆ కాలువ నాకు తెలుసు. గట్టు పక్కనే నిలువులోతు. తలుపుల దగ్గర చెత్త తీసేటప్పుడు చెత్తతోపాటు ఏమేమి పైకొచ్చేవో ఇక్కడ రాయను.

అద్దం పాలు పోసినట్టయింది. వీర్రాజు పక్క కిటికీ దించితే వాన సూదుల్లా వాడి కళ్ళలో కొట్టింది, మళ్ళీ ఎత్తేశాడు.

"ఇద్దరూ మాట్లాడకండి. మాట్లాడితే ఆవిరి ఎక్కువవుతుంది."

"ఊపిరి కూడా మానెయ్యమంటారా?" అంది సత్యవతి.

వాడు ఫ్యాను పూర్తిగా పెంచాడు. కాళ్ళ దగ్గర వేడిగాలి హోరుమంది. ఏ సందులోంచో కొంచెం పైకి దూరి, అద్దం అడుగున అరచేయంత మేర తేటపడింది. వాడు తల వంచి ఆ అరచేతిలోంచి రోడ్డు చూస్తూ తోలుతున్నాడు. అప్పుడు సత్యవతి పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

"వెచ్చబడుతోందండి."

"ఏంటి?"

"పెట్టె. గాలి దీనికే కొడుతోంది. ఆపండి."

ఆపాడు. అరచెయ్యి మూసుకుపోయింది. పెట్టెలు మార్చుదామంటే వెనక చోటు లేదు, చినిగిన మూలన పెడితే వాన నీరు, ఒళ్ళో పెట్టుకుందామంటే రెండు పెట్టెలు వాడి చేతికి గేరు అందనివ్వవు, నా కిటికీ తియ్యనివ్వవు. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆ అమ్మాయి ఆపమంది. చూపు కావాలంటే పిల్ల ఉడుకుతుంది, పిల్ల కావాలంటే మేం కాలువలోకి. ఆఖరికి ఆ అమ్మాయి చీర కుచ్చిళ్ళు దోపుకుని, గాలి వచ్చే మూతికి తన పిక్కలు అడ్డం పెట్టింది.

"కాలిపోతాయే" అన్నాడు వాడు.

"రోడ్డు చూడండి మీరు."

నేను ఎడమ కిటికీ దించి తల బయటపెట్టాను. "కుడికి. ఇంకాస్త కుడికి. చాలు." వాన చెవుల్లోకి పోతోంది. అలా ఎంత దూరం వెళ్ళామో తెలియదు, ఎదురుగా నల్లటి గోడలా ఏదో కనపడింది.

"ట్రాక్టరు. ఆపు, ఆపు."

ఊక బస్తాల ట్రాక్టరు, టైరు పంక్చరై నడిరోడ్డు మీద నిలబడి ఉంది. దీపం లేదు, ఓ కొమ్మయినా అడ్డం పెట్టలేదు. వీర్రాజు తొక్కాడు. బండి నున్నగా జారి, ముందు ఎడమ చక్రం గట్టు అంచు మీద బురదలో కూరుకుని ఆగింది. నా కిటికీ కింద రోడ్డు లేదు. నీళ్ళున్నాయి.

ముందు కుడివైపు తలుపు తీసి వీర్రాజు దిగాడు, తర్వాత సత్యవతి జరిగి దిగింది, చివర నేను. ట్రాక్టరు కింద తడవకుండా దాక్కున్న ఇద్దరు మనుషులు బయటికొచ్చారు.

"కళ్ళు కనపడ్డంలేదా అయ్యా?" అన్నాడు ఒకడు.

"కనపడకే కదయ్యా" అన్నాడు వీర్రాజు.

"నడిరోడ్డు మీద దీపం లేకుండా నిలబెట్టినవాడివి నువ్వు. అడిగేది నువ్వా?" అన్నాను. అతను నా మాట పట్టించుకోకుండా బస్తా ఊక తెచ్చి చక్రం కింద పోశాడు. ముగ్గురు మగాళ్ళూ సత్యవతీ నెడితే బండి వెనక్కొచ్చింది. వీర్రాజు లోపల స్టీరింగు పట్టుకుని ఉన్నాడు.

"వాన తగ్గాక పోండి బాబూ" అన్నాడు ట్రాక్టరతను, ఈసారి మెల్లిగా.

"రొయ్య పిల్ల ఉందండి. ఆగితే చచ్చిపోద్ది" అంది సత్యవతి. ఆమె పిక్కలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అవి చూశాక నేను ఆగలేకపోయాను. లోపలికెక్కి, మీటని అద్దం బొమ్మ వైపుకి బలంకొద్దీ గుంజాను. పుటుక్కుమంది. మీట నా చేతిలోకొచ్చేసింది.

వీర్రాజు నా చేతిలోకి చూశాడు. "ఇంకేమన్నా మిగిలుంటే అదీ విరగ్గొట్టు మావయ్యా."

ఆ మాటకి నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు" అన్నాను. ఎడమ పక్క సొరుగుకి రెండు మరలు. అవి విప్పి సొరుగు లాగేస్తే వెనక చీకట్లో గాలిపెట్టె కనపడింది. పక్కన వేలంత ఇనప చెయ్యి, దానికే తీగ తగిలించి ఉంటుంది. నేను గుంజిన గుంజుడికి తీగ ఊడి వేలాడుతోంది. తీగ గట్టిగానే ఉంది. సాగలేదు. రాజమండ్రి నుంచి నేను చెబుతూ వచ్చింది తప్పు.

ఇనప చేతిని వేలితో నెట్టాను. సగం దాకా వచ్చి టక్కున ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. తలుపు పాడైతే అలా ఆగదు, సందులో ఏదో ఇరుక్కుంటే ఆగుతుంది. లాకు తలుపు కింద దుంగ పడితే కొత్తగా వచ్చినవాడు పైనుంచి గుద్దుతాడు. ఇంకా బిగుస్తుంది. తలుపు వెనక్కి ఎత్తాలి, పట్టు వదిలించాలి, అప్పుడు ఇరుక్కున్నది దానంతటది పోతుంది.

"ఫ్యాను ఆపు" అన్నాను. ఇనప చేతిని వెనక్కి నొక్కిపెట్టి వదిలాను. మళ్ళీ నొక్కాను. లోపల గలగలమంది. మరోసారి. కాళ్ళ దగ్గర గాలి మూతిలోంచి ఏదో జారి థర్మోకోల్ మూత మీద పడింది. ఇంకోటి. తర్వాత వరసగా.

సత్యవతి వంగి చూసింది. రూపాయి బిళ్ళలు, అర్ధరూపాయలు. వాటితోపాటు పసుపు కలిపిన అక్షతలు, ఎండి నలిగిన బంతిరేకులు.

కాసేపు ముగ్గురం వాటినే చూశాం. బండి పూజనాడు చల్లిన అక్షతలు. వంతెన రాకముందే తీసి అద్దం వారగా పెట్టుకున్న బిళ్ళలు. అద్దం కింద సన్నటి గాడి ఉంటుంది, గాలి పైకొచ్చేది అక్కడినుంచే. మలుపులో బిళ్ళ జారడం, గాడిలోకి పోవడం, లోపల తలుపుకి అడ్డంపడడం. ఎవరికీ కనపడలేదు.

"గోదారికి ఇవ్వాల్సినవన్నీ ఇది మింగి కూర్చుంది" అన్నాడు వీర్రాజు.

"ఇప్పుడు వెయ్యి ఫ్యాను" అన్నాను, ఇనప చేతిని చివరిదాకా నెట్టి పట్టుకుని.

అద్దం అడుగునుంచి మసక విడిపోవడం మొదలైంది. చేటంత, తర్వాత చాపంత. ట్రాక్టరు కనపడింది. దాని పక్కన నిలబడ్డ ఇద్దరూ కనపడ్డారు. వాళ్ళ వెనక రోడ్డు, తాడిచెట్ల వరస, వంపు తిరిగిన కాలువ. మేం ఇంతసేపూ ఎంత అంచున వచ్చామో అప్పుడు తెలిసింది. కాళ్ళ దగ్గర గాలి ఆగిపోయింది. సత్యవతి కాళ్ళు వెనక్కి తీసుకుని, పెట్టె మీద మళ్ళీ చెయ్యి వేసింది.

జొన్నాడ

తీగ ఊడింది కాబట్టి నేను వేలు తీస్తే తలుపు వెనక్కి పడుతుంది. తాడు కడదామంటే వీర్రాజు ఆగనన్నాడు. ఆ సొరుగు కంతలో చెయ్యి పెట్టి, ముందుకి వంగి, గూనివాడిలా కూర్చున్నాను. వేలు మొద్దుబారితే ఇంకో వేలు. నేను ఎన్ని తలుపులు పట్టుకుని నిలబడ్డానో నా భుజాలకి తెలుసు, కానీ ఇంత చిన్న తలుపు ఎప్పుడూ ఇంత బరువు లేదు.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీద సత్యవతి ఆ బిళ్ళలన్నీ దోసిట్లోకి తీసుకుంది.

"ఆపకండి, నెమ్మదిగా పోనివ్వండి చాలు."

"ఇన్ని రోజులు ఆగింది, ఇంకో రోజు ఆగదా?" అన్నాడు వీర్రాజు, అయినా నెమ్మదించాడు.

"నా తరఫున కూడా నువ్వే వెయ్యమ్మా. నా చెయ్యి ఖాళీ లేదు" అన్నాను.

నా మీంచి వంగి కిటికీలోంచి విసిరింది. దోసెడు వాన నా మెడమీదికి వచ్చింది.

రావులపాలెంలో బండ్లు ఆగితే చాలు, ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని అద్దాల దగ్గరికొస్తారు. బియ్యప్పిండిని కుండ మీద పొరలా తీసి, నెయ్యీ పంచదారా చల్లి చుట్టేవి. తడి తగిలితే ముద్దయిపోతాయి. అంత వానలోనూ ఓ మనిషి ప్లాస్టిక్ కాగితం కింద డబ్బాలు దాచుకుని నా కిటికీ కొట్టాడు.

"నేతివండి, ఇంటికి పట్టుకెళ్ళండి."

పొద్దుటినుంచి ఏమీ తినలేదు. నోట్లో పెట్టమంటే పెట్టేవాడేమో గాని, వీర్రాజు హారన్ కొట్టి ముందుకి దూకించాడు. ఆ పూతరేకు ఇంకా నాకు బాకీ.

చెరువు గట్టు

వాన తెరిపిచ్చాక, మబ్బుల కింద వెలుగు ఇంకా మిగిలుండగానే చెరువు చేరాం. పిల్లని తేగానే చెరువులో కుమ్మరించకూడదు. సంచులు మూతి విప్పకుండా నీళ్ళ మీద తేలేసి, లోపలి నీళ్ళూ చెరువు నీళ్ళూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం కాలువ గట్టు కంటే కష్టంగా గడిచింది. వీర్రాజు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, సంచులు గట్టుకి కొట్టుకోకుండా తోస్తున్నాడు. సత్యవతి గట్టు మీద కాళ్ళకి వెన్న రాసుకుంటోంది. కళ్ళు మాత్రం సంచుల మీదే.

పిల్ల బతికిందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతుంది. తెల్ల పళ్ళెంలో కొంత పిల్లని నీళ్ళతో పోసి, నీళ్ళని వేలితో గుండ్రంగా తిప్పుతారు. ఒంట్లో సత్తువ ఉన్నది నీటివాలుకి ఎదురు తిరిగి ఈదుతుంది. లేనిది నీళ్ళతో పాటు తిరిగి పళ్ళెం మధ్యన పోగవుతుంది.

ముందు తొట్టిలోని పెట్టెల పిల్ల పోశాం. వీర్రాజు తిప్పాడు. గీతల్లా ఒక్కసారిగా అన్నీ ఎదురు తిరిగాయి. వాడు ఊపిరి వదలడం గట్టు మీదికి వినపడింది.

తర్వాత ముందు పెట్టిన రెండు పెట్టెలు. మొదటి పెట్టెలోని పిల్ల తిప్పగానే మధ్యకి చేరింది. ఇంకోసారి తిప్పాడు. అలాగే చేరింది. సత్యవతి పళ్ళెం తీసుకెళ్ళి చెరువుకి దూరంగా, తుమ్మచెట్టు మొదట్లో పారబోసింది. మిగతా సంచులూ అక్కడే. తిరిగొచ్చి రెండో పెట్టెలోంచి తనే పళ్ళెంలో పోసింది.

"నువ్వు తిప్పు మావయ్యా" అన్నాడు వీర్రాజు.

తిమ్మిరి వదలని వేలితో తిప్పాను. నీళ్ళు తిరిగాయి. వాటితోపాటు పిల్లా తిరిగింది. నీళ్ళు నెమ్మదించే ముందు అంచున ఒకటి కదిలినట్టయింది. తర్వాత నాలుగైదు. తోకలు కొట్టుకుంటూ, జారుతూ, మళ్ళీ లేస్తూ, మెల్లిగా ముఖాలు వాలుకి ఎదురు తిప్పాయి. అన్నీ కాదు. కానీ సగం పైనే.

సత్యవతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వీర్రాజు పళ్ళెం మీదికి వంగి చాలాసేపు చూశాడు. ఉదయం నుంచీ వాడి ముఖంలో లేని నవ్వు అప్పుడొచ్చింది.

"ఇవి ముందు సీట్లో నీ పక్కన కూర్చుని వచ్చాయి మావయ్యా. అందుకే వీటికి నీ బుద్ధొచ్చింది. నీళ్ళు ఎటు పోతే దానికి ఎదురు."

నీళ్ళని మళ్ళీ తిప్పి చూశాను, ఈసారి ఇంకాస్త గట్టిగా.